ఫొటోతో పాటు ఇంటి అడ్రసూ పంపేస్తున్నారా?

మీ ఫోన్‌లో గ్యాలరీ తెరవండి. నిన్నో మొన్నో ఇంట్లో తీసిన ఫొటో ఒకటి ఎంచుకోండి. గూగుల్ ఫొటోస్ అయితే బొమ్మను వేలితో పైకి తోయండి. ఐఫోన్ అయితే కింద ఉన్న 'ఐ' గుర్తు నొక్కండి. తారీఖు, టైము, ఫోన్ మోడల్ కనిపిస్తాయి. చాలామందికి వాటి కింద చిన్న మ్యాపు కూడా కనిపిస్తుంది. దాన్ని పెద్దది చేసుకుంటూ పోతే మీ ఊరు, మీ వీధి, చివరికి మీ ఇంటి డాబా!

మ్యాపు లేకపోతే మీ కెమెరాలో లొకేషన్ ఆపేసి ఉన్నట్టే. హాయిగా ఉండొచ్చు. ఉంటే మాత్రం ఒక్క పది నిమిషాలు ఇది చదవండి. ఒక ఫొటో సంగతి సరే, మనం ఈ మధ్య ఫొటోలు ఒకటీ అరా పంపడం లేదు. పెళ్లికి వెళ్తే రెండు వందలు, పాపికొండల టూరుకి వెళ్తే మూడు వందలు, అమ్మకానికి సరుకు పెడితే యాభై. కట్టలు కట్టలుగా పంపేస్తున్నాం. అసలు తంటా అంతా ఆ కట్టలతోనే.

ఫొటో వెనకాల రాత

మా రాజమండ్రి ఇంట్లో పాత ఆల్బమ్ ఒకటుంది. అందులో ఒక్కో ఫొటో వెనకాల తాతయ్య పెన్నుతో రాసి పెట్టారు. 'కోటిలింగాల రేవు, 1991 పుష్కరాలు' అని ఒక దాని మీద ఉంటుంది. ఆ రాత లేకపోతే అందులో ఉన్నది ఏ రేవో, ఏ ఏడో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. మనల్ని అడక్కుండా, మనకి కనపడకుండా. ఫొటో ఫైలు లోపల, బొమ్మకి ముందు, చిన్న అర ఒకటి ఉంటుంది. ఆ అరలో ఏ వివరం ఎలా రాయాలో చెప్పే పద్ధతి పేరు ఎక్సిఫ్. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం 1995లో దీన్ని తయారు చేసింది. డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఫొటో తీసినవాళ్లకి ఏ సెట్టింగుతో తీశారో గుర్తుండాలన్నదే అప్పటి ఆలోచన. తర్వాత జేబులోని ఫోనుకి జీపీఎస్ వచ్చి చేరడంతో కథ మారిపోయింది.

ఆ అరలో ఏముంటాయి? ఫోను కంపెనీ, మోడల్, సెకన్లతో సహా టైము, ఫోను నిలువుగా పట్టుకున్నారా అడ్డంగానా, ఫ్లాష్ వెలిగిందా లేదా, బొమ్మ తాలూకు బుల్లి నకలు. లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు కూడా.

రాజమండ్రి సుమారుగా 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.8 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దీంతో ఊరు తెలుస్తుంది, అంతే కదా అనుకోకండి. ఫోను డిగ్రీలతో ఆగదు. నిమిషాలు, సెకన్లు, సెకనులో ముక్కలు కూడా రాస్తుంది. అక్షాంశంలో ఒక్క సెకను తేడా అంటే నేల మీద దాదాపు 31 మీటర్లు. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట ఫోను జీపీఎస్ ఐదు మీటర్ల అటూ ఇటూగా చెప్పేస్తుంది. కోనసీమలో ఇంటికీ ఇంటికీ మధ్య కొబ్బరితోట ఉంటుంది. ఇక ఏ ఇల్లో కనిపెట్టడానికి కష్టమేముంది?

లేసు ఫొటోల్లో పెంకుటిల్లు

మా పిన్ని వాళ్లది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల లేసు అల్లికల సంగతి మీకు తెలిసే ఉంటుంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని డెల్టాలో ఇంటింటికీ పాకింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. దీనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని, దారపు ఉండ, సూది పెట్టుకుని అల్లేస్తారు. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వీళ్ల మీద 1982లో ఒక పుస్తకమే రాశారు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారు చేస్తున్నా ఇల్లు దాటని ఈ ఆడవాళ్ల కష్టం ఎవరి లెక్కలోకీ రావడం లేదన్నది ఆమె వాదన.

ఇప్పుడు పిన్ని కూతురు డిగ్రీ చదివి, ఆ లేసునే ఇన్‌స్టాలో పెట్టి అమ్ముతోంది. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, డోర్ కర్టెన్లు. ఆ మధ్య వేరే రాష్ట్రం నుంచి ఒకాయన మెసేజ్ పెట్టాడట. "ఇన్‌స్టాలో మసగ్గా ఉన్నాయి. అన్ని డిజైన్లూ ఒరిజినల్ ఫొటోలు పంపండి, పెద్ద ఆర్డర్ ఇస్తాం" అని. నూట నలభై ఫొటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టి, డ్రైవ్ లింకు పంపబోతూ నాకు చూపించింది.

"ఇలాగే పంపేస్తావా?" అన్నాను.

"ఏం అన్నయ్యా? ఉన్నది టేబుల్ క్లాతే కదా. నా ఫొటో ఒక్కటి కూడా లేదు."

ఒక ఫొటో వివరాలు తీసి, ఆ అంకెల్ని మ్యాపులో వేసి, శాటిలైట్ బొమ్మ చూపించాను. పక్కనే లేసు అల్లుకుంటున్న పిన్ని కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఒరేయ్, ఇది మన పెంకుటిల్లు కదరా! అదిగో గడ్డివాము. మాయదారి ఫోను, ఇవన్నీ ఎవడు చెప్పమన్నాడు దానికి?"

నన్ను నిజంగా కంగారు పెట్టింది ఆ ఒక్క ఫొటో కాదు. నూట నలభైనీ వరసగా చూస్తే బయటపడ్డ సంగతి. దాదాపు అన్నిటిలోనూ ఒకటే చోటు. అంటే అది ఇల్లని చిన్న పిల్లాడైనా చెప్పేస్తాడు. టైములు చూస్తే ఎక్కువ భాగం మధ్యాహ్నం రెండుకీ నాలుక్కీ మధ్య. బాబాయి రొయ్యల చెరువు దగ్గర ఉండే వేళ అది. ఆదివారాలు ఒక్క ఫొటో లేదు. నెలకి రెండుసార్లు, నరసాపురంలో దారం కొన్న రోజున, ఆ ఊరి లొకేషన్.

ఒక ఫొటో ఒక చుక్క. నూట నలభై చుక్కలు కలిపితే ఒక అమ్మాయి దినచర్య. ఎక్కడ ఉంటుంది, ఏ వేళకి ఇంట్లో ఉంటుంది, ఎప్పుడు ఊరు వెళ్తుంది. అడిగిన ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆ లింకు ఆయన దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

కోట్లున్నవాడికీ తప్పలేదు

ఇది పల్లెటూరి అమ్మాయిలకే వచ్చే సమస్య కూడా కాదు. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్‌తో పేరు సంపాదించిన జాన్ మెకాఫీ గుర్తున్నాడా? 2012లో పొరుగింటాయన హత్య కేసులో బెలీజ్ పోలీసులు ప్రశ్నించాలనుకుంటే అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. డిసెంబర్‌లో 'వైస్' పత్రిక విలేకరి అతన్ని కలిసి, ఐఫోన్‌తో తీసిన ఫొటోని గొప్పగా ఆన్‌లైన్‌లో పెట్టేశారు. అందులో అక్షాంశం, రేఖాంశం అలాగే ఉండిపోయాయి. అతను గ్వాటెమాలాలో ఉన్నాడని నెట్‌లో ఎవరో చూసి చెప్పేశారు. రెండు రోజుల్లో అక్కడి పోలీసులు అరెస్టు చేశారు. కంప్యూటర్ భద్రత మీద కోట్లు గడించినవాడికే ఒక్క ఫొటో ఆ గతి పట్టించింది.

మరి ఇన్నాళ్లూ పెట్టినవో?

పిన్ని అడిగిన ప్రశ్నే మీకూ వచ్చి ఉంటుంది. కాస్త ఊరట ఏమిటంటే, ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లలో పెట్టిన ఫొటోని వేరేవాళ్లు దించుకుంటే అందులో లొకేషన్ అర ఉండదు. పైకెక్కించేటప్పుడే తీసేస్తారు. అయితే ఆ కంపెనీకి మాత్రం మీరిచ్చిన ఫైలు చేరుతుంది. అది వేరే సంగతి.

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గించి, ఆ వివరాలు తీసేసి పంపుతుంది. 'క్లారిటీ పోతోంది' అని అదే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపారనుకోండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. అడ్రసుతో సహా. టెలిగ్రామ్‌లో 'ఫైల్'గా పంపినా అంతే. ఈమెయిల్ అటాచ్‌మెంట్, డ్రైవ్ లింకు, జిప్ ఫైలు, పెన్‌డ్రైవ్... అన్నీ ఇదే దారి. గుర్తు పెట్టుకోవడానికి తేలికైన లెక్క ఒకటి చెప్తాను. క్లారిటీ తగ్గకుండా వెళ్లిందంటే వివరాలు కూడా తగ్గకుండా వెళ్లాయని అనుమానించాలి.

కట్ట మొత్తం ఒకేసారి శుభ్రం

మా వైపు రైతులు పంట ఇంటికొచ్చాక విత్తనాల వడ్లు విడిగా తీసి గాదెలో దాచి, మిగతాది మర పట్టించి బియ్యం అమ్ముతారు. ఫొటోలకీ అదే పద్ధతి. అసలు ఫొటో మన దగ్గర అలాగే ఉండాలి. బయటికి వెళ్లేది మర పట్టిన కాపీ.

ముందుగా ఇక మీదట తీసే వాటి సంగతి. ఆండ్రాయిడ్‌లో కెమెరా యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'లొకేషన్ ట్యాగ్స్' లాంటి మాట ఉన్నచోట ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా వరసలో వెళ్లి 'నెవర్' పెట్టండి. అమ్మకానికి సరుకు ఫొటోలు తీసేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి.

ఇప్పటికే తీసేసిన వందల ఫొటోల కోసం ఫోన్‌లోనే దారులున్నాయి. ఐఫోన్‌లో కావాల్సినవన్నీ సెలెక్ట్ చేసి షేర్ నొక్కితే పైన 'ఆప్షన్స్' అని ఉంటుంది. అందులో లొకేషన్ ఆఫ్ చేస్తే ఆ కట్ట మొత్తానికీ వర్తిస్తుంది. రెడ్‌మీ, షావోమీ ఫోన్లలో ఎంఐయూఐ 12 నుంచి గ్యాలరీలో సెక్యూర్ షేరింగ్ అనే ఏర్పాటు వచ్చింది. లొకేషన్, కెమెరా వివరాలు రెండూ తీసేసి పంపమని చెప్పొచ్చు. కొత్త శామ్‌సంగ్ ఫోన్లలోనూ షేర్ చేసేటప్పుడు లొకేషన్ తీసేసే ఆప్షన్ ఉంటుంది. మోడల్‌ని బట్టి మాటలు కాస్త మారతాయి, కంగారు పడకండి. ఇవేవీ లేని ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఎఫ్-డ్రాయిడ్‌లో 'స్క్రాంబుల్డ్ ఎక్సిఫ్' అనే ఉచిత యాప్ దొరుకుతుంది. జేపీఈజీ ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి ముందు దానికి షేర్ చేస్తే, అది శుభ్రం చేసి మళ్లీ ఎవరికి పంపాలో అడుగుతుంది.

విండోస్ కంప్యూటర్ అందుబాటులో ఉంటే ఏ యాప్ అక్కర్లేదు. ఫోల్డర్‌లో ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. కింద 'రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్' అనే లైను ఉంటుంది. అందులో కాపీ తయారు చేయమనే మొదటి ఆప్షన్ ఎంచుకోండి. ఒరిజినల్స్ చెక్కుచెదరవు, పక్కనే శుభ్రమైన కాపీలు వస్తాయి.

వేల ఫొటోలున్న స్టూడియోవాళ్లు, నర్సరీ కేటలాగు చేసే కడియం కుర్రాళ్లు ఎక్సిఫ్‌టూల్ నేర్చుకుంటే మంచిది. ఫిల్ హార్వే అనే ఆయన 2003 నుంచీ ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రామ్ ఇది. బటన్లు ఉండవు, ఒక లైను కమాండ్ టైపు చేయాలి. ఫోల్డర్‌లో ఫోల్డర్లున్నా అన్నిటినీ తుడిచేస్తుంది. ఒక్క జాగ్రత్త. మామూలుగా అది ప్రతి పాత ఫైలునీ పేరు చివర 'ఒరిజినల్' అని తోక తగిలించి అదే ఫోల్డర్‌లో ఉంచుతుంది. శుభ్రం చేశాం కదా అని ఆ ఫోల్డర్‌ని అలాగే జిప్ చేసి పంపితే, పాతవి కూడా మూటలో వెళ్లిపోతాయి. అందుకే శుభ్రం చేసినవి వేరే ఫోల్డర్‌లోకి మార్చాకే పంపాలి.

అన్నీ తుడిచేస్తే రంగు మారుతుంది

'అన్నీ తీసేసెయ్, గొడవ వదిలిపోతుంది' అనిపిస్తుంది. అక్కడే ఒక చిక్కు. ఫోను ఏ వైపు తిప్పి పట్టుకున్నారన్న సంగతి కూడా ఆ అరలోనే ఉంటుంది. దాన్ని తుడిచేస్తే నిలువు ఫొటోలు కొన్ని పక్కకి పడుకుంటాయి. రంగుల్ని ఎలా చూపించాలో చెప్పే కలర్ ప్రొఫైల్ కూడా పోతే, ముఖ్యంగా ఐఫోన్ ఫొటోల్లో, రంగులు వెలిసినట్టు కనపడొచ్చు. గోధుమ రంగు లేసు తెల్లగా కనిపిస్తే కొన్నాయన ఊరుకుంటాడా? ఉప్పాడ చీరలు అమ్మేవాళ్లకైతే రంగే ప్రాణం. కాబట్టి లొకేషన్, టైము, ఫోను వివరాలు తీసేసి, తిప్పుడు గుర్తు, కలర్ ప్రొఫైల్ ఉంచమని ఎక్సిఫ్‌టూల్‌కి చెప్పొచ్చు. మా చెల్లి ఫొటోలకి అలాగే చేశాం.

శుభ్రం అయ్యాక నమ్మేసి పంపకండి. కాపీల్లోంచి మొదటిది, మధ్యలోది, చివరిది తెరిచి వివరాలు చూడండి. మ్యాపు పోయిందా? టైము పోయిందా? లైవ్ ఫొటోలు, వీడియోలు ఉంటే వాటిని విడిగా చూసుకోండి. వాటిలోనూ లొకేషన్ ఉంటుంది, ఫొటోలు శుభ్రం చేసే యాప్ వాటిని ముట్టుకోకపోవచ్చు. ఫైలు పేరు కూడా గమనించాలి. చాలా ఫోన్లు పేరులోనే తారీఖు, టైము రాసేస్తాయి. 'లేసు 001, లేసు 002' అని మార్చేస్తే సరి.

తుడిచినా పోనివి

ఏ యాప్ కూడా బొమ్మలో కనిపిస్తున్న దాన్ని తీయలేదు. వెనకాల నిలబెట్టిన బండి నంబరు ప్లేటు చూడండి. ఏపీ 05 అంటే తూర్పుగోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమగోదావరి అని మనకి తెలిసినట్టే బయటివాళ్లకీ తెలుసు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కానీ పాత బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తమ్ముడి స్కూలు యూనిఫాం, గోడకి తగిలించిన షాపు క్యాలెండరు, బల్ల మీద కరెంటు బిల్లు, అద్దంలో కనిపించే వీధి... ఇవన్నీ అడ్రసులే. సరుకు ఫొటోకి వెనకాల ఒక తెల్లదుప్పటి కట్టండి, సగం బాధ తీరిపోతుంది.

కత్తిరించినంత మాత్రాన కూడా నిశ్చింత లేదు. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఒక లోపం బయటపడింది. ఫోన్‌లోనే క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్లలో కోసేసిన భాగం ఫైలు చివర మిగిలిపోయేది. దాన్ని తిరిగి బయటికి తీయగలిగారు. తర్వాత సరిచేశారు కానీ, కంటికి కనపడనంత మాత్రాన ఫైలులో లేనట్టు కాదని అది నేర్పింది.

తుడవకూడని వేళలు

ఇంతా చదివి, గ్యాలరీ మొత్తం తుడిచేయడానికి కూర్చోకండి. కొన్నిచోట్ల ఆ వివరాలే మనకి అండ.

ఈ-పంట నమోదులో చేలో నిలబడి తీసే ఫొటోకి లొకేషన్ ఉండాల్సిందే. ఆ పొలంలో ఆ పంట ఉందనడానికి అదే ఆధారం. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరుని యాప్‌లో జియోట్యాగ్ ఫొటోలతో వేయడం తప్పనిసరి చేశారు. తుపానుకి ఇల్లు కూలినా, చేను మునిగినా నష్టం చూపించడానికి ఎప్పుడు, ఎక్కడ తీశారన్నది ముఖ్యం.

ఎవరైనా వేధిస్తే, యాక్సిడెంట్ జరిగితే, మోసపోతే ఆ ఫొటోల్ని అస్సలు కదపొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఎలక్ట్రానిక్ ఆధారాలకి సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు తాలూకు హ్యాష్ విలువ కూడా రాస్తారు. అది ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం తుడిచినా వేలిముద్ర మారిపోతుంది. అందుకే పోలీసులకి ఇచ్చేది ఒరిజినలే అయి ఉండాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, స్క్రీన్‌షాట్లు అలాగే ఉంచండి.

ఇంకొక సంగతి, మనుషులది కాదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఫిషింగ్ క్యాట్ అనే నీటిపిల్లి ఉంటుంది. సముద్రం ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. బోటు షికారుకెళ్లి అలాంటిది కంటబడితే ఫొటో తీయకుండా ఉండలేం. పంచుకోండి, కానీ లొకేషన్ తీసేసి. జీవుల ఫొటోలు పోగుచేసే ఐనేచురలిస్ట్ వేదిక కూడా ప్రమాదంలో ఉన్న జాతుల అసలు చోటుని దాచేసి, మ్యాపులో ఒక పెద్ద గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. వేటగాడికి దారి చూపించకూడదనే కదా.

ఆర్డరు వచ్చింది

శుభ్రం చేసిన ఫోల్డర్‌ని చెల్లి పంపింది. ఫొటోలు బాగున్నాయన్నాడు తప్ప, అందులో ఏం లేవో ఆయన గమనించినట్టే లేదు. పెద్ద ఆర్డర్ అన్నది చిన్న ఆర్డర్‌గా మొదలైంది, పన్నెండు టేబుల్ క్లాత్‌లు. పార్శిల్ మీద అడ్రసు రాయాలి కదా అని మీరు అడగొచ్చు. నిజమే. నరసాపురంలో తెలిసినవాళ్ల కొట్టు అడ్రసు రాసి పంపుతోంది. ఎవరికి ఏ అడ్రసు ఇవ్వాలో తనే ఎంచుకుంటోంది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. రాజమండ్రి రేవుల్లో ఎన్ని లక్షల ఫొటోలు తీస్తామో ఆ గోదారమ్మకే తెలియాలి. వాటిలో తారీఖు, రేవు వివరాలు మీ ఆల్బమ్‌లో పదిలంగా ఉండనివ్వండి. మీ పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికి కావాలి. ఊళ్లోవాళ్లందరికీ పంపే కట్టని మాత్రం ఒక్క నిమిషం ఆగి మర పట్టించి పంపండి.